తొమ్మిది డబ్బాల వరుస

పెయింటర్ మామ పోయారని మంగళవారం పొద్దున వైట్‌ఫీల్డ్ ఆఫీసులో, మీటింగు మధ్యలో తెలిసింది. మా బ్యాండు డ్రమ్మర్ పెట్టిన మెసేజి, రెండే ముక్కలు. చదివి ఫోను బోర్లించి, ఇంకో నలభై నిమిషాలు ఎవరిదో ప్రెజెంటేషన్‌కి తలూపుతూ కూర్చున్నాను. ఏడుపు రాలేదు.

మీకు ఆయన తెలిసే అవకాశం లేదు. ఆయనది తాతల నాడే బెంగళూరు కాటన్‌పేటలో స్థిరపడిన తెలుగు కుటుంబం. సినిమా హాళ్ళకి బ్యానర్లు గీసి బతికిన మనిషి. ఫ్లెక్సీలొచ్చి ఆ పని పోయాక, షట్టర్ల మీద కొట్ల పేర్లు రాసేవారు. మేం నలుగురం సాఫ్ట్‌వేర్ వాళ్ళం, హూడిలో ఒక గోడౌను అద్దెకి తీసుకుని ఆదివారాలు వాయించుకునేవాళ్ళం. రాక్ అనే అంటాం గానీ, పల్లవీ చరణం ఉండవు. గిటారు తీగల మీద స్క్రూడ్రైవర్ రుద్దడం కూడా మా సంగీతంలో భాగమే. మా ఇళ్ళల్లోనే ఎవరూ వినరు. షట్టర్ మీద మా బ్యాండు పేరు రాయడానికొచ్చిన మామ మాత్రం పని ముగించి, కుంచె కడుక్కుని, గుమ్మంలో చతికిలబడి విన్నారు.

"పాట కాదప్పా ఇది, మిక్సీలో గులకరాళ్ళేసినట్టుండాది," అన్నారు. లేచి వెళ్తూ, "అయినా దీంట్లో ఎరుపు ఉండాది," అన్నారు.

తరువాతి ఆదివారం బ్యానర్ గుడ్డ చుట్టి భుజాన వేసుకుని వచ్చేశారు. అలా ఆరేళ్ళు. గోడౌనులోనైనా, కచేరీల్లోనైనా మేం వాయిస్తుంటే మా వెనక గుడ్డ మీద ఆయన గీసేవారు. ముందుగా అనుకోవడం ఉండేది కాదు. నేను ఆగకుండా స్వరాలు కుమ్మరిస్తుంటే తరువాత పక్కకి పిలిచి, "అంతా నింపేస్తే కన్ను యాడ కూచుంటాది? చెవికీ అంతే," అనేవారు. గిటారు నేర్పిన ఏ గురువూ నాకు ఆ మాట చెప్పలేదు.

చివరి రెండేళ్ళూ, మేం అత్తా అని పిలిచే ఆయన భార్య ప్రతిసారీ వెంట వచ్చేది. తొమ్మిది రంగుల డబ్బాలు బెంచీ మీద వరుసగా పెట్టి, ఆయన్ని చెయ్యి పట్టి మెట్లెక్కించి, ముందు కుర్చీలో చెవులకి కొంగు చుట్టుకుని కూర్చునేది. ఈ వయసులో ఏం అన్యోన్యం అని మేం మురిసిపోయేవాళ్ళం.

రెండేళ్ళ కిందట ఒక గ్యాలరీలో మధ్యాహ్నం కచేరీ. స్టేజి ఇరుకు. నా గిటారు పెడల్ బోర్డుకి చోటు చాలక డబ్బాలన్నీ నేల మీదకి దించి, వైర్లు సర్దుకున్నాక మళ్ళీ బెంచీ చివర ఎలా పడితే అలా పెట్టేశాను. ఆ రోజు ఆయన గీసిన ఏరు నల్లగా పారింది. ఒడ్డున మనుషుల మొహాలు పచ్చగా వచ్చాయి. జనం చప్పట్లు కొట్టారు, ప్రయోగమనుకుని. మేం మాత్రం మొహామొహాలు చూసుకున్నాం. ముసలాయనకి చాదస్తం వచ్చిందని తేల్చేశాం.

ఇక వెనక ఆయన గుడ్డకి బదులు ఎల్ఈడీ స్క్రీన్ పెట్టుకుంటున్నామని ఫోన్ చేసి చెప్పింది నేనే.

"మంచిదేలేప్పా. దానికి ఆరబెట్టే పనిల్యా," అన్నారు మామ. గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది. వచ్చి కలుస్తానన్నాను, వెళ్ళలేదు. అదేదో పెద్ద కారణం వల్ల కాదు. ఆఫీసు, ట్రాఫిక్, నా మొహం చెల్లకపోవడం.

మొన్న వెళ్ళాను. అందరూ మట్టి చేసి తిరిగొచ్చారు. అత్త వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని ఉంది. రంగుల ఊసు ఎలా వచ్చిందో గుర్తులేదు.

"ఆయప్పకి చూపు పొయ్యి నాలుగేండ్లాయ కదప్పా," అంది, నాకు తెలుసన్నట్టే. "ఎడమ పక్క నుంచి తెలుపు, పసుపు, ఎరుపు... ఆ లెక్కన చేత్తో తడుముకోని గీస్తాండె. మీకు చెప్తే వద్దంటారని చెప్పనీలేదు. ఆ గ్యాలరీలో నేను నీళ్ళు తెచ్చేకి పోయింటి. వచ్చేసరికి మొదులుపెట్టినాడు. యాదో తప్పు జరిగిందని లేస్తే, కూచోమని చెయ్యూపినాడు."

"డబ్బాలు జరిపింది నేనేనత్తా," అన్నాను.

"తెలుసు ఆయప్పకి. నీ బూట్ల సద్దు పట్టినాడు."

"మరి నన్నొక్క మాట అడగలేదేం?"

"నేనూ అదే అంటి. అడిగితే నీకు చెయ్యి వణకతాదంట. వాయించల్ల కదా నువ్వు, అన్యాడు."

లోపలి నుంచి ఎవరో కాఫీ తెచ్చారు. అత్త గ్లాసు అందుకుని నాకిచ్చింది. దాన్ని రెండు చేతులతో పట్టుకోవలసి వచ్చింది.