ఇంకొక గది

తమిళనాడులోని కంబైనల్లూరు కంప్యూటర్ సెంటర్‌లో సి ప్రోగ్రామింగ్ భాష చెప్పే మాదేశ్వరి, క్లాసు పిల్లల కీబోర్డు ఎప్పుడూ ముట్టదు. తప్పు కనిపించినా చేతులు వెనక్కి కట్టుకుని, వాళ్లకే తట్టేదాకా పక్కన నిలబడుతుంది. ఆమె ఇళ్లు కట్టే కొత్తపని మేస్త్రీ కూతురు. ఇంట్లో తెలుగే అయినా క్లాసులో మాట్లాడేది తమిళమే.

ఆ రోజు తెన్మొళి అనే పిల్ల ఇంగ్లీషు అక్షరాల్లో Thenmozhi అని తన పేరు రాసి ప్రోగ్రాం నడిపితే, పేరు వెనకాలే ఏవో పిచ్చి గుర్తులు వచ్చి పడ్డాయి. నాలుగోసారీ అంతే. "ఇది మన చేత అయ్యే పని కాదు" అని తెలుగులో గొణుక్కుంటూ ఆ పిల్ల బ్యాగు భుజాన వేసుకుంది. ఇక రేపటి నుంచి రాదని మాదేశ్వరికి అర్థమైంది. ఒకప్పుడు తానూ అలాగే లేచి వెళ్లిపోబోయింది.

"కూచో పాపా," అంది, ఆ క్లాసులో మొదటిసారి తెలుగులో. "పేరుకు తొమ్మిది అక్షరాలని మెమరీలో తొమ్మిది గదులే పెట్టినావు. పేరు ముగిసిందని చెప్పే సున్నాకు ఇంకొక గది వద్దా? అది లేకుంటే మిషనుకు ఎక్కడ నిలవాల్నో తెలీదు."

తెన్మొళి తొమ్మిదిని పది చేసింది. తెర మీద పేరు ఒక్కటే శుభ్రంగా వచ్చింది. బ్యాగు కిందికి దించి, ఆ పిల్ల మళ్లీ టైపు చేయసాగింది.

"ఇప్పుడేం రాస్తా ఉండావు?"

"మా అమ్మ పేరు మిస్, పిల్లమ్మ. ఎనిమిది అక్షరాలు, తొమ్మిది గదులు."