జపాన్ రంపానికి పెట్టిన పరీక్ష

లాగినప్పుడే కోసే జపాన్ రంపం గీత తప్పదనీ, చెక్కను తక్కువ వృథా చేస్తుందనీ దానితో వచ్చిన కాగితం చెప్పింది. నేను కాగితాలను నమ్మను. పుస్తకాల అర కోసం దాచిన ఒకే ఒక్క టేకు పలక అంచును దానితోనే కోసి చూడదలిచాను.

సాలూరులో లారీ బాడీలు కట్టిన పక్కింటి వడ్రంగి చూడవచ్చాడు.

"తొయ్యకు బావా, లాగు! తోస్తే రేకు వంగిపోతాది."

లాగాను. కోత మందం కొలిస్తే పాత రంపం కోతలో సగమే ఉంది. ఆ మాట నిజమే. గీత మాత్రం తప్పింది. ఒక్క ప్రయోగం చాలదని పలకలో మరో రెండంగుళాల ముక్క కోశాను. మళ్లీ వంకరే. పోలిక కోసం పాత రంపంతో కోస్తే, అదీ వంకరే. వడ్రంగి అదే పలకలో రెండింటితోనూ ఒక్కో ముక్క కోశాడు. రెండూ తిన్నగా వచ్చాయి.

"అయితే తేడా రంపంలో లేదన్నమాట," అన్నాను.

"అది సెప్పడానికి ఇంత టేకు కోసేసినావేటి? ఇంక పరీచ్చలు సాలు. పీటకైనా ఉంచు బావా!"

అప్పుడు పలకను కొలిచాను. అరకు చాలదు. వృథా సంగతి చెప్పిన ఆ కాగితం నన్ను లెక్కలో వేసుకోలేదు. ఇప్పుడు పుస్తకాలు నేల మీదే ఉన్నాయి. పీట మీద కూర్చుని చదువుకుంటున్నాను.