తాతయ్య చేసిన ఘెరావ్

నా చిన్నప్పుడు ఇంగ్లీషు కంటే ఇంగ్లీషు పీరియడ్‌లో లేచి నిలబడటమంటేనే నాకు ఎక్కువ హడల్. ఓడరేవు పక్కనున్న వాట్‌గంజ్‌లో ఒకే ముంగిలి చుట్టూ ఉన్న రేవు కూలీల గదుల్లో ఒకటి మాది. ఇంట్లో తెలుగు, ముంగిట్లో బెంగాలీ, ఇంగ్లీషు బడిలో మాత్రమే. ఒకసారి టీచరమ్మ 'సరౌండ్' అనే మాట ఇచ్చి, మర్నాడు దాన్ని మూడు వాక్యాల్లో వాడి చూపించాలంది. చెప్పలేకపోతే కింది తరగతికి పంపుతానంది.

అర్థం నాకు కంఠతా వచ్చు, చుట్టుముట్టడమని. వాడమంటేనే నోరు పెగలదు. పొద్దున్నే కడుపునొప్పని మంచమెక్కాను. అంతకు ముందే రెండు అట్లు తినడం అందరూ చూశారని మరిచిపోయాను.

మా తాతయ్య రేవులో బస్తాలు మోసి రిటైరైన మనిషి. పై అధికారి మాట వినకపోతే కూలీలంతా చుట్టూ కూర్చుని, ఒప్పుకునేదాకా అతన్ని కదలనివ్వరు. దాన్నే మా ఊళ్ళో ఘెరావ్ అంటారు. ఆ విద్యలో తాతయ్య ఆరితేరినవాడు. నన్ను పల్లెత్తు మాట అనకుండా వెళ్ళి మేం మాసి అని పిలిచే పక్కింటి బెంగాలీ పిన్నినీ, ఆవిడ పిల్లలనీ, మా అమ్మనీ పిలుచుకొచ్చి నా మంచం చుట్టూ కూర్చోబెట్టాడు.

"మూడు వాక్యాలు సెప్పినదాకా ఒగ్గేది నేదు," అన్నాడు.

"కొడతారేటి?" అన్నాను బిక్కమొహం వేసి.

"సుట్టూ కూకున్నోళ్ళు సెయ్యెయ్యకూడదు. నోపలున్నోళ్ళకే ముందు టీ ఇవ్వాల. అది మా రేవు పద్ధతి," అంటూ గ్లాసు చేతికిచ్చాడు.

మాసి పొయ్యి మీద చేపలు వదిలేసి వచ్చిందట, మాటిమాటికీ గుమ్మం వైపు చూస్తోంది. నాకు నవ్వాగలేదు. ఆ నవ్వులోనే ఓడ చుట్టూ నీళ్ళున్నాయని ఒకటి, రేవు చుట్టూ గోడ ఉందని ఒకటి ఇంగ్లీషులో చెప్పేశాను. మూడోది ఎంతకీ రాలేదు. చేపలు మాడుతున్న వాసన రావడంతో తాతయ్య రాజీకొచ్చి, నన్ను బడికి పంపాడు.

తరగతిలో రెండూ చెప్పి ఆగిపోయాను. నా మంచం చుట్టూ కూర్చున్న మొహాలు గుర్తొచ్చాయి. "మై పీపుల్ సరౌండ్ మీ," అన్నాను. టీచరమ్మ కూర్చోమంది, మా తరగతిలోనే.

భయపడ్డవాళ్ళను ఒంటరిగా వదలకూడదని నాకు ఆ రోజే తెలిసింది. మా ఊళ్ళోనే సాల్ట్ లేక్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరిన మా మనవరాలు మొన్న మీటింగులో మాట్లాడాల్సి వస్తుందని బెదిరిపోయి, తలనొప్పంటూ దుప్పటి కప్పుకుంది. నేను నీతులేమీ చెప్పలేదు. ఇంట్లో అందరినీ పిలిచి దాని మంచం చుట్టూ కూర్చోబెట్టాను. మొదటి టీ దానికే ఇచ్చాను.