మబ్బు పేరు

కూలీల క్యాంపులో ఎవరైనా పోతే ఇంటికి కబురు చెప్పేది లస్మయ్యే. ఆ పని ఎవరూ అప్పగించలేదు. తల నెరిసినవాడు, గొంతు వణకదు, అంతే. ఫుట్‌బాల్ ప్రపంచ కప్పుకు వచ్చే అతిథుల కోసం అల్ తుమామా స్టేడియం దగ్గర హోటల్ కడుతున్న కంపెనీకి చావు కబుర్లు చెప్పే తీరిక ఎక్కడిది?

ఆ రోజు పోయింది భూమేష్. లస్మయ్య ఊరివాడే, పక్క మంచమే. ముందు రోజంతా ఎండలో ఇనుప చువ్వలు కట్టి వచ్చి పడుకున్నవాడు తెల్లారి లేవలేదు. గుండె ఆగిందన్నాడు డాక్టరు. ఎండ మాట ఎవరూ ఎత్తలేదు. లస్మయ్యకు ఒళ్లు మండిపోయింది.

అదే రోజు ఊళ్లో భూమేష్ కూతురికి ఇరవై ఒకటో రోజు, పేరు పెట్టే తొట్టెల పండుగ. పంతులు 'నే' అక్షరం చెప్పాడు. పేరు మాత్రం తనే ఎంచుతానని, ఫోన్లో బిడ్డ చెవిన తనే చెబుతానని భూమేష్ పట్టుబట్టాడు. ఆ పేరు భార్య శోభకు కూడా చెప్పలేదు. ఒక్క లస్మయ్యకే చెప్పి మురిసిపోయాడు.

నెఫెలి. సైట్లో సేఫ్టీ చూసే గ్రీసు దేశపు మేడమ్ పేరది. ఎండ ముదిరితే పని ఆపించి అందరినీ నీడకు తోలేది ఆమె ఒక్కతే. అర్థమేమిటని భూమేష్ అడిగితే, వచ్చీరాని హిందీలో మబ్బు అని చెప్పింది. వాళ్ల పాత కథల్లో దేవుడు మబ్బును మలిచి ఆడమనిషిని చేశాడట, ఆమె పేరే అది. మన నభం, వాళ్ల నెఫెలి ఒకే వేరు నుంచి పుట్టిన మాటలని కూడా అంది. "గట్లయితే ఈ పేరు మనదే కాకా" అన్నాడు భూమేష్. పని కుంటుపడుతోందని పోయిన నెల మేడమ్‌ను వేరే సైటుకు పంపేశారు.

ఇమో యాప్‌లో ఊరి నుంచి కాల్ వచ్చింది. ఇప్పుడు నిజం చెబితే మైల, తొట్టెల ఆగిపోతుంది. ఆ తర్వాత పిల్లకు పేరు పెట్టేదెవరు? అయ్యను మింగింది అన్నదే పేరవుతుంది. అలాంటి పిల్లల్ని లస్మయ్య ఎరుగును. చావు కబురు చెవిన పడేదాకా మైల అంటదు కదా అనుకుని ఫోన్ ఎత్తాడు.

"లస్మయ్యా, వాడేడి?" అంది భూమేష్ తల్లి గంగామణి.

"డ్యూటీల ఉన్నడు వదినా. పేరు నన్ను చెప్పుమన్నడు."

"దుబాయిల బిడ్డకు పేరు పెట్టెటందుకు సుత సెలవియ్యరా?" ఊరివాళ్లకు ఎడారి దేశాలన్నీ దుబాయే.

"ఇయ్యరు."

శోభ ఫోన్‌ను బిడ్డ చెవికి ఆనించింది. వణకని గొంతు ఆ పూట వణికింది. అయినా పేరు మూడుసార్లూ చెప్పాడు.

"గదేం పేరు మామా?" అంది శోభ.

"మబ్బు అని అర్థమంట బిడ్డా. వాడు చానా ఇష్టపడి పెట్టిండు."

శోభ నవ్వింది. "గా ఎండల ఉండి మబ్బును తల్సుకున్నడు. మంచిగుంది."

ఆడవాళ్లు తొట్టెల పాట ఎత్తుకున్నారు. పాట అయ్యేదాకా లస్మయ్య ఆగాడు. ఇంకొకటి ఎత్తుకుంటే అదీ అయ్యేదాకా ఆగుదామనుకున్నాడు. ఎత్తుకోలేదు.

"వదినా," అన్నాడు, "ఫోన్ తీస్కొని జర బయటికి రా."