మొదటి కుర్చీలో ఎనిమిదుల జత

శాన్ రామన్‌లో దివాకర్ గారి గరాజ్‌లో ప్రతి శనివారం మధ్యాహ్నం పేకాట జరుగుతుంది. మూడింటికి నేను క్యాటరింగ్ వ్యాన్‌లోంచి బిర్యానీ ట్రేలు దింపుతాను. వాళ్లు తినేదాకా ఆగి ఖాళీ ట్రేలు తీసుకెళ్లాలి కాబట్టి ఆట మొత్తం చూస్తాను. ఏడో తరగతిలోనే బడి మానేశాను కానీ, పేక దగ్గర మాత్రం పెద్ద చదువే చదివాను.

ఆడేది ఆరుగురు. అందరిలోకీ పెద్ద లక్ష్మీకాంతం గారు. యాభై మూడేళ్లు, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. ఆఫీస్‌లో ఆయన మేనేజర్‌కి ఇరవై తొమ్మిది. మీటింగ్‌లో ఈయన వంతు వచ్చేసరికి టైమ్ అయిపోతుందట. డ్రైవ్ త్రూలో ఈయన ఆర్డర్ చెప్పడం మొదలుపెడితే వెనక సీట్లోంచి కూతురు కృతి, "డాడ్, నువ్వు ఆగు, నేను చెప్తా" అంటుంది. గరాజ్‌లో ఒక్కచోటే ఆయన అన్నయ్యగారు.

వాళ్లు ఆడేది లిమిట్ హోల్డెమ్. చేతికి రెండు ముక్కలు. బల్ల మీద అందరికీ కలిపి మూడు పరుస్తారు, తర్వాత ఒకటి, ఆఖర్న ఇంకొకటి. చేతివీ బల్లవీ కలిపి పెద్ద జత కుదిరినవాడిది గెలుపు, ఒకేరకం మూడు కుదిరితే ఇంకా మేలు. పందెం ఎంత పెట్టాలో ముందే ఖాయం, ఎక్కువ పెట్టి ఎవరినీ బెదిరించలేం. ముక్కలు పంచినవాడి ఎడమ పక్కవాడు తన ముక్కలు చూడకముందే కొంత పెట్టాలి. బల్ల మీద ముక్కలు పడ్డాక పందెం పెడతాడో లేదో ముందు నోరు విప్పి చెప్పాల్సిందీ అతనే. ఎవరి చేతిలో ఏముందో తెలియకుండా మాట్లాడటం కష్టం. పంచినవాడు ఆఖర్న, అందరి మాటా విని మాట్లాడతాడు. అందుకే ఎక్కడైనా పంచే వంతు తిరుగుతూ ఉంటుంది.

మనవాళ్లు దాన్ని మర్యాదలోకి మార్చేశారు. పెద్దవాళ్లచేత పంచిస్తామా అని ఆ పని అందరికన్నా చిన్నవాడైన తేజేశ్వర్‌కి శాశ్వతంగా అప్పగించారు. అతని ఎడమ పక్కది, అంటే మొదటి కుర్చీ, కాంతం గారిది. ముక్కలు చూడకముందు పెట్టే పందేనికి బోణీ అని పేరు పెట్టారు.

"అన్నయ్యగారూ, మీ చేత్తో బోణీ కానివ్వండి. మీ హస్తవాసి మంచిది" అంటాడు దివాకర్.

ఆయన పందెం బిళ్లలు, అదే చిప్స్, కళ్లకద్దుకుని బల్ల మధ్యలో పెడతారు. హస్తవాసి నిజంగానే మంచిది, పక్కవాళ్లకి. తేజేశ్వర్ వారం వారం గెలుస్తాడు. కుర్రాడికి లక్ ఉంది అంటారు.

కాంతం గారికి జతలంటే ప్రాణం. ఏడులు, ఎనిమిదులు, తొమ్మిదులు. పెద్దవి కావు, చూస్తూ పారేసేవీ కావు. ఎనిమిదుల జత రాగానే ఆయన వెన్ను నిటారుగా అవుతుంది, పందెం పెంచుతారు. పెంచినా ఒక్క మెట్టే కాబట్టి అందరూ వెంట వచ్చేస్తారు. బల్ల మీద రాణో రాజో పడుతుంది. ఈయన పెడితే రాణి ఉన్నవాడు పెంచుతాడు. ఊరుకుంటే ఇంకెవరో పెడతారు. వదలడానికి మనసొప్పక "చూద్దాం" అంటారు. చూడటానికి కూడా చిప్స్ పెట్టాలి.

డబ్బు లేదు, ఉత్త చిప్సే. కానీ రూల్ ఒకటుంది. వరుసగా నాలుగు శనివారాలు చిప్స్ అన్నీ పోతే కుర్చీ ఖాళీ చెయ్యాలి. వెయిటింగ్ లిస్ట్‌లో ముగ్గురున్నారు. గ్రీన్ కార్డ్ లైన్‌తో పోలిస్తే అది పరుగెత్తే లిస్టే. జనవరిలో కాంతం గారికి మూడు శనివారాలు పోయాయి.

నాలుగో శనివారం ఆయన నా వ్యాన్ దగ్గరికి వచ్చారు.

"ఈశ్వరయ్యా, నాకేమన్నా దిష్టి తగిలిందంటావా?"

"దిష్టి కాదండి, కుర్చీ. ఇవాళ మీరు పంచండి."

"నేనా? పంచడమా?"

"పంచేవాడు ఆఖర్న మాట్లాడతాడు కదండీ. అందరూ కక్కేశాక మీరు చూసుకోవచ్చు. ఎనిమిదులొస్తే పెంచకండి, ఊరికే లోపలికెళ్లి చూడండి. మూడో ఎనిమిది పడిందా, ఉతికెయ్యండి. పడకుండా పెద్ద ముక్క పడి ఎవడో పెట్టాడా, పారెయ్యండి."

"జతని పారెయ్యడమేంటయ్యా?"

"తాళి కట్టిన జత కాదు కదండీ."

ఆయన లోపలికెళ్లి పేకముక్కల కోసం చెయ్యి చాపారు. గరాజ్ గతుక్కుమంది.

"మీరు పంచడమేంటి అన్నయ్యగారూ, మా కళ్లు పోతాయి" అన్నాడు దివాకర్. "తేజా, ఆయన్నేమన్నా అన్నావా?"

"నేనేమన్లే అన్నా" అన్నాడు తేజేశ్వర్, బిక్కమొహంతో.

చివరికి ఇద్దరూ కుర్చీలు మార్చుకున్నారు. రెండో ఆటలోనే కాంతం గారికి ఎనిమిదులు. రాణి పడింది. ఒకడు పెట్టాడు, ఇంకొకడు పెంచాడు. ఆయన నావైపు చూసి, పిల్లని మొదటిరోజు స్కూల్ బస్ ఎక్కించినట్టు ఆ రెండు ముక్కల్నీ అవతలికి నెట్టారు. కాసేపటికి తొమ్మిదులు. బల్ల మీద అన్నీ చిన్న ముక్కలు, అందరూ ఊరుకున్నారు. ఈయన పెట్టారు, గెలిచారు. బిర్యానీ వేళకి ఆయన ముందు చిప్స్ రెండింతలు. ఇక చేతులు కట్టుకుని కూర్చున్నా కుర్చీ నిలుస్తుంది.

కానీ ఆయన చూస్తున్నది చిప్స్‌ని కాదు, పక్క కుర్చీని. "బోణీ కొట్రా తేజా" అంటే, తేజేశ్వర్ పల్లీ పొట్టు విసిరినట్టు చిప్స్ విసురుతున్నాడు. కుర్చీ మారాక అన్నయ్యగారూ అన్న పిలుపు ఒక్కసారి కూడా వినపడలేదు. పైగా ఎవరో "త్వరగా పంచండి" అన్నారు.

తిని చెయ్యి కడుక్కుని వచ్చి ఆయన అన్నారు, "తేజా, నీ చోటుకి నువ్వొచ్చెయ్."

నేను దూరం నుంచి తల అడ్డంగా ఊపాను. ఆయన నావైపు చూడలేదు.

"అదీ. ఇప్పుడొచ్చింది గరాజ్‌కి కళ" అన్నాడు దివాకర్. "అన్నయ్యగారూ, బోణీ."

ఆయన చిప్స్ కళ్లకద్దుకున్నారు. ఎనిమిదుల జత వచ్చింది. పెంచారు. అందరూ వచ్చారు. రాజు పడింది.

"చూద్దాం."

లిమిట్ ఆటలో చిప్స్ ఒక్కసారిగా పోవు. మర్యాదగా, మెట్టు మెట్టుగా పోతాయి. ఏడుల మీద కొన్ని, తొమ్మిదుల మీద కొన్ని. అయిదున్నరకి ఆయన ముందు బల్ల గుడ్డ తప్ప ఏమీ మిగల్లేదు.

దివాకరే తేల్చాడు. "కుర్చీ రూల్ ప్రకారం పోతుంది, తప్పదు. బోణీకి రూల్ లేదు కదా. ఆడకపోయినా ప్రతివారం మీరొచ్చి మీ చేత్తోనే బోణీ చెయ్యాలి."

ఓదార్పుకి అన్నాడేమో అనుకున్నాను. కాంతం గారి మొహం వెలిగిపోయింది.

ఇప్పుడు ఆయన ప్రతి శనివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని వస్తారు. ఆయన కుర్చీలోకి రాజ్ అనే అతను వచ్చాడు. ప్రతి ఆటకీ రాజ్ చిప్స్‌ని కాంతం గారు కళ్లకద్దుకుని బల్ల మీద పెడతారు. ఆరుగురూ "అన్నయ్యగారూ" అంటారు. ఒక్క చిప్ కూడా ఆయనది కాదు, ఒక్క ముక్క కూడా పడదు. ఇంత సంతోషంగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

మొన్న శనివారం రాజ్ తొమ్మిదుల జతతో పందెం పెంచాడు. రాణి పడింది. "చూద్దాం" అన్నాడు రాజ్.

కాంతం గారు నా పక్కన రైతా గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నారు. నా చెవి దగ్గరికి వంగి, "మొదటి కుర్చీలో కూర్చుని తొమ్మిదులతో పెంచుతాడేంటయ్యా వీడు? పారెయ్యాలని తెలీదా?" అన్నారు.