ఒక్క ఒత్తు చేసిన హత్య

అందరూ ఆమెను ఒత్తులక్క అంటారు. ఆ పేరు పెట్టింది ప్రెస్సులో పుస్తకాలు కుట్టేవాళ్ళు. చేతిరాతలో వచ్చిన నవలల్ని కంప్యూటర్లో కొట్టి అచ్చుకి సిద్ధం చేయడం ఆమె పని. ఏ అక్షరం కింద ఒత్తు తప్పినా ఆమెకు పంటికింద రాయి పడ్డట్టే.

కిటికీ లేని గది, ఆనుకుంటే వెనక్కి పడేసే కుర్చీ, అక్షరాలన్నీ చెరిగిపోయిన కీబోర్డు. వాటితోనే పంతొమ్మిదేళ్ళు. ఉద్యోగంలో చేరినట్టు చిన్న కాగితం ముక్క కూడా లేదు. ఎప్పుడడిగినా యజమానిది ఒకటే మాట: "మనదంతా ఒక కుటుంబం అమ్మా. కుటుంబంలో కాగితాలేంటి?" నిజమే. ఇంట్లో కోడలికి ఎన్ని హక్కులుంటాయో ప్రెస్సులో ఆమెకూ అన్నే ఉండేవి.

తప్పులు దిద్దే పెద్దాయన్ని రెండేళ్ళ కిందట పొదుపు పేరుతో ఇంటికి పంపేశారు. అప్పట్నుంచి కొట్టేదీ ఆమే, దిద్దేదీ ఆమే.

అలాంటి రోజుల్లో వచ్చింది మన నేర రచయిత గారి నవల. ఆయన చేతిరాత సిరాబుడ్డిలో పడి లేచిన చీమ ఊరేగినట్టుంటుంది. కథేమిటంటే, ఓ పెద్దింట్లో అన్న హత్య. చంపింది తమ్ముడని పాఠకుడికి నలభయ్యో పేజీలోనే తెలిసిపోతుంది. డిటెక్టివ్‌కి మాత్రం మూడువందలో పేజీ దాకా తెలియదు. చివర్లో తమ్ముడికి బేడీలు వేశాక సహాయకుడు అడుగుతాడు, "ఇంతకీ ఎవరు సార్?" అని. తమ్ముడి ఆచూకీ పోలీసులకు ఇచ్చిందెవరని వాడి ప్రశ్న. డిటెక్టివ్ జవాబుతో నవల ముగుస్తుంది: "చెప్పింది వదినే."

ఆ చివరి కాగితం మీద రచయిత గారు టీ ఒలకబోసుకున్నారు. 'చెప్పింది'లో ప కింది ఒత్తు ఆ మరకలో మునిగిపోయింది; చ మీది ఎత్వం చెరిగిపోయి, దాని పక్కన టీ చుక్క ఒకటి సున్నాలా ఎండింది. ఒత్తులక్కకు కనబడిన అక్షరాలు ఆమె కొట్టింది:

"చంపింది వదినే."

అచ్చుకి ముందు కాగితాలు రచయిత దగ్గరికి వెళ్ళాయి. ఆయన చదవకుండానే సంతకం పెట్టి పంపారు. తన నవలను తానే చివరిదాకా చదవలేకపోయాడాయన. ఈ ఒక్క విషయంలో పాఠకులకు ఆయన మీద సానుభూతి ఉంది.

పుస్తకం చేతికొచ్చాక గానీ ఆయనకు తప్పు సంగతి తెలియలేదు. ప్రెస్సు కదిలిపోయేలా వచ్చారు. "నా ఇరవయ్యేళ్ళ పేరు మీద మట్టికొట్టింది! ఈవిడైనా ఉండాలి, నేనైనా ఉండాలి!"

"సంతకం పెట్టింది మీరే కదండీ" అంది ఒత్తులక్క.

"చూశారా, నోరు కూడానూ!"

ఆ మధ్యాహ్నమే పంతొమ్మిదేళ్ళలో మొదటి కాగితం ఆమె చేతికందింది. "'చెప్పింది'కి బదులు 'చంపింది' అని కొట్టి నవల ముగింపును నాశనం చేసినందుకు ఉద్యోగం నుంచి తొలగించడమైనది." కింద ముద్ర, సంతకం. కుటుంబంలో కాగితాలుండవన్నారు గానీ, గెంటేయడానికి ఉంటాయట.

ఏడాది పాటు ఆమె మెట్లెక్కని ప్రెస్సు లేదు. "ఒత్తు తప్పినావిడవు నువ్వేగా?" అని నవ్వి పంపేవారు. ఇల్లు నడవాలంటే ఆమెకు తెలిసిన పని ఇదొక్కటే.

ఈలోగా లోకం ఆ నవల చదివింది. అందరికీ టీలందిస్తూ నోరెత్తని వదినే హంతకురాలా అని ముక్కున వేలేసుకుంది. అమాయకుణ్ణి జైలుకి పంపి డిటెక్టివ్ చల్లగా నిజం చెప్పడం న్యాయవ్యవస్థకు చెంపదెబ్బ అని విమర్శకులు రాశారు. వెబ్ సిరీస్ వచ్చింది. నేర సాహిత్యానికీ, నేర చిత్రాలకీ ఏటా ఇచ్చే అవార్డుల్లో ఉత్తమ ముగింపు బహుమతి పుస్తకానికీ సిరీస్‌కీ కలిపి ప్రకటించారు. 'ఒకే ఒక్క క్రియాపదంతో కథను తలకిందులు చేసిన మేధ' అంది న్యాయనిర్ణేతల సంఘం. మేధ తేలు కుట్టిన దొంగలా ఊరుకుంది.

ప్రదానోత్సవానికి వారం ముందు యజమాని పళ్ళ సంచీతో ఒత్తులక్క ఇంటికొచ్చాడు.

"బాగున్నారా అమ్మా?"

పంతొమ్మిదేళ్ళలో తొలి 'మీరు'. ఒత్తులక్కకు అక్కడే అనుమానం వచ్చింది.

మంచం మీంచి అత్తగారు అందుకుంది. ఆవిడ నేర నవలలు తప్ప ఇంకేం చదవదు. "వదినే చంపిందని నాకు మొదట్నుంచీ తెలుసు బాబూ. అడక్కుండా అన్నిసార్లు టీ ఇచ్చే మనిషిని నమ్మకూడదు. అడక్కుండా పళ్ళు తెచ్చేవాళ్ళని అసలే నమ్మకూడదు."

యజమాని నవ్వబోయి మానేశాడు. "ఆ రోజు కోపంలో ఓ కాగితం ఇచ్చాం కదమ్మా. అది మీకెందుకు? ఇచ్చేయండి."

"నాశనం చేశానని రాశారు కదా సార్. ఇప్పుడు దానికే బహుమతా?"

"అబ్బే, అది వేరు..."

"ఇస్తాను. ఉద్యోగంలోకి తీసుకుంటున్నట్టు కాగితం ఇవ్వండి. పాత పంతొమ్మిదేళ్ళూ కలిపి. తప్పులు దిద్దే పెద్దాయన్ని కూడా పిలవండి."

"కుటుంబంలో..."

"ఈ కుటుంబం నన్నోసారి గెంటింది సార్. ఇక కాగితమే నాకు చుట్టం."

మర్నాడు ఆ నియామక పత్రం ఆమే కొట్టింది. యజమాని చెబుతుంటే, అక్షరం అక్షరం. ఆయన 'తాత్కాలిక' అంటే ఆమె చెయ్యి ఆగిపోయింది. ఆయన ఆ మాట తీసేశాక మళ్ళీ కదిలింది.

తొలగింపు కాగితం ఇచ్చేసి ఇంటికొస్తే అత్తగారు తిట్టింది. "పిచ్చిదానా! దాన్ని పట్టుకుని వేదికెక్కితే వాడి పరువు పోయేదిగా!"

"ఆయన పరువు నేనేం చేసుకోను అత్తయ్యా? నాక్కావలసింది నా కుర్చీ."

అవార్డు సభను అత్తాకోడళ్ళు ఫోన్‌లో చూశారు. భూతద్దం ఆకారంలో ఉన్న బహుమతిని గుండెకు హత్తుకుని రచయిత గారు మైకు ముందుకొచ్చారు. "ఆ చివరి మాట రాశాక పెన్ను కిందపెట్టి ఏడ్చేశాను." టీ ఒలికినందుకు కాబోలు.

నెల తిరక్కుండా రెండో భాగం చేతిరాత ప్రెస్సుకొచ్చింది. మొదటి పేజీకి గుండుసూదితో చీటీ: "అనుమానం ఉన్నచోట మీకు తోచినట్టు కొట్టండి. నాకేం అభ్యంతరం లేదు."

మూడువందల పేజీల నిండా ఎన్ని టీ మరకలో!

ఒత్తులక్క ఆ చీటీని యజమానికి చూపించింది. పెద్దాయన్ని పక్కన కూర్చోబెట్టుకుంది. అనుమానం వచ్చిన ప్రతిచోటా రచయిత గారికి ఫోన్ చేసి, ఆయన నోటితోనే చెప్పించుకుంది. చివరికి ఒక్క ఒత్తు కూడా పోకుండా, ఆయన రాసింది రాసినట్టే కొట్టి పంపించింది.

పాపం, ఈసారి ఆ నవలను కాపాడేవాళ్ళే లేకపోయారు.