బుధుడి మొఖం చూడ్డానికి డుమస్ దాకా

మా వెంకటి మామకు ఈ విశ్వంలో ఒకే ఒక్క శత్రువు. పేరు బుధుడు. నివాసం సూర్యుడి పక్కన. మామ సిరిసిల్లలో ఏడో తరగతి చదువుతుండగా ఒక పంతులు జాతకం చూసి, "బుధుడు నీచస్థానంల ఉన్నడు, ఈ పోరనికి చదువు అబ్బదు" అన్నాడట. మా తాత మర్నాడే బడి మాన్పించి మగ్గం పనిలో పెట్టాడు. తర్వాత సూరత్, అందులో గోడాదరా పేట, ముప్పై ఐదేళ్లుగా పవర్‌లూములు. మొన్న అన్నం తింటూ, ఫిజిక్స్‌లో డిగ్రీ చేసినవాడి హోదాలో నేనొక ప్రకటన చేశాను: బుధుణ్ని ఉత్త కంటితోనే చూడొచ్చు. మామ చేతిలో ముద్ద ఆగిపోయింది.

"నిజంగ కనవడ్తడా? అయితె సూపియ్యి. ఒక్కపారి ఆని మొఖం సూడాలె."

నోరు జారితే ఇట్లాగే ప్రయాణాలు మొదలవుతాయి. గురుడు, శని అయితే నెలల తరబడి ఆకాశంలో తిరుగుతూ ఎవరడిగినా దర్శనమిస్తారు. బుధుడు అట్లా కాదు, సూర్యుడి కొంగు వదలడు. ఏడాదిలో కొన్ని విడతలు, విడతకు కొన్ని రోజులు, పొద్దుగూకాక పడమట గానీ తెల్లవారకముందు తూర్పున గానీ, నేలకు దగ్గరగా ఒక అరగంట కనిపిస్తాడు. గోడాదరాలో పడమటి దిక్కు అంటే ఎదురింటి మూడో అంతస్తు. అందుకే డుమస్ బీచ్. అక్కడ పడమర మొత్తం సముద్రమే.

చిక్కు మామ డ్యూటీతో వచ్చింది. పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు వరకు ఆయన కిటికీల్లేని షెడ్డులో ఉంటాడు. ఈ మార్చిలో ఆయనకు దొరికిన సెలవు ఒక్క రోజే. అది దాటిన రెండు రోజులకే రాత్రి పాళీ మొదలు, పదిహేను రోజులు. అది అయ్యేసరికి బుధుడు మళ్లీ సూర్యుడి వెలుగులో మునిగిపోతాడు. అంటే ఉన్నది ఒక్క సాయంత్రం, అందులో ఒక్క అరగంట.

నాలుగింటికి బయల్దేరాం. గోడాదరా నుంచి స్టేషన్‌కు షేర్ ఆటో, మనిషికి ఇరవై. డుమస్ అనగానే ఆటోవాలా అద్దంలోంచి చూశాడు. ఆ బీచ్‌కు దయ్యాల పేరుంది లెండి.

"భూత్ దేఖ్‌నే?"

"నహీ భాయ్, గ్రహ్ దేఖ్‌నే."

"వో తో ఔర్ ఖతర్‌నాక్!"

స్టేషన్ నుంచి సిటీ బస్సు, గంటకు పైనే. మగ్గాల మోతలో బతికిన మనిషి కదా, మామ గుసగుస కూడా నాలుగు సీట్ల అవతలికి వినిపిస్తుంది. దిగేలోపు బస్సంతటికీ బుధుడి నేరచరిత్ర తెలిసిపోయింది.

ఆరింటికి బీచ్ దగ్గర టమాటా బజ్జీలు తిన్నాం. గుండ్రంగా కోసిన టమాటా ముక్క మీద పచ్చ చట్నీ పూసి, పిండిలో ముంచి వేయిస్తారు. దీని కోసమే డుమస్ వచ్చినా తప్పులేదు. బజ్జీలు వేసే ఆమె నా సంచీలోంచి తొంగిచూస్తున్న బైనాక్యులర్ చూసి, సముద్రం వైపు గరిటె చూపించింది. "ఆజ్ ధుంధ్ హై, భాయ్. కుఛ్ నహీ దిఖేగా." నిజమే, నీళ్లపైన బూడిదరంగు మసక. ఆరూ ముప్పావుకు సూర్యుడు సముద్రాన్ని తాకకుండానే అందులో కరిగిపోయాడు. మామ ప్లేటు కింద పెట్టేశాడు.

ఏడు కాకముందే శుక్రుడు వెలిగాడు. ఆ మసకలో కూడా ఆ దర్జా చూడాలి, ఎవరో దీపం పట్టుకుని నిలబడ్డట్టు. నా ఫోన్ చెప్పిన ప్రకారం బుధుడు దానికి ఎడమ పక్క, కాస్త కింద, చాచిన చేతికి మూడు నాలుగు వేళ్ల దూరంలో ఉండాలి. బైనాక్యులర్‌తో ఆకాశం ఊడ్చాను. ఏడూ పది. ఏమీ లేదు. ఏడుంబావు. అప్పుడూ లేదు.

"ఏందిరా, దొరికిండా?"

"ఆగు మామా, మసక ఉంది."

"గట్ల ఉర్కులాడకు, జర నిమ్మలం. పడుగుల ఒక్క పోగు తెగితె, దాన్నె గుచ్చి సూస్తె దొర్కది. పక్క పోగు మీద కన్ను ఆనిచ్చి ఊకోవాలె. తెగింది అదే కనవడ్తది."

శుక్రుడికి కొంచెం ఎడంగా, ఏమీలేని చోట కన్ను నిలిపి మామ ఊరుకున్నాడు. ఒక నిమిషం గడిచిందేమో.

"అగో!"

వేలు చూపిన చోట బైనాక్యులర్ పెట్టాను. ఉన్నాడు! లేత నారింజ చుక్క, వణుకుతూ. మసక వెలుగును సూటిగా కాక ఓరగా చూడాలని నేను పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. నా కళ్లకు చెప్పడం మాత్రం మరిచిపోయాను.

బుధుణ్ని తిడతాడనుకున్నాను. మామ నీళ్ల వైపు రెండడుగులు వేశాడు.

"గింతేనా?" అన్నాడు చివరికి, మొదటిసారి మెల్లగా. "గింత పోరని మీద గిన్నేండ్లు నేరం మోపిన్నా? గీనిది సుత నా బతుకేరా. పొద్దంత కనవడడు, డ్యూటీ దిగినంక జరసేపు బయటికొస్తడు."

బుధుడు మసకలో కలిసిపోయేదాకా అక్కడే నిలబడ్డాం. తిరుగు బస్సులో మామ నా ఫోన్ చూపించి, మళ్లీ ఎప్పుడు కనిపిస్తాడో వెతకమన్నాడు. తేదీలు చదివాను. ఆ రోజుల్లో ఏ పాళీ పడుతుందో వేళ్లమీద లెక్కేశాడు.

గ్రహాలు మనకోసం ఏ సాయంత్రాన్నీ పొడిగించవు, ఆ సంగతి నాకు ముందే తెలుసు. తెలియనిదల్లా, నా డిగ్రీకి చిక్కనివాణ్ని పట్టే చూపు మా ఇంట్లోనే, ఎదురుగా కూర్చుని అన్నం తింటోందని. ఏడో తరగతితో ఆగిన చదువు ఎవరి తప్పో మామ ఆ రాత్రి చెప్పలేదు. బుధుడిది కాదని మాత్రం తేలిపోయింది.

వెళ్లేవాళ్లకు ఒక్క సలహా: సూర్యుడు పూర్తిగా దిగిపోయేదాకా బైనాక్యులర్ సంచీలోంచి తీయొద్దు, కళ్లు పోతాయి. తీశాక కూడా దొరక్కపోతే దాన్ని పక్కన పెట్టి, పక్కచోట కన్ను ఆనిచ్చి ఊరుకోండి.